హాల్డేన్‌ది ఒకటే కలం

జె.బి.ఎస్. హాల్డేన్‌కు సైన్సులో పట్టా లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన మొదట గణితం, ఆ తరవాత గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్త్వశాస్త్రం చదివి 1914లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. విశ్వవిద్యాలయపు చదువు అక్కడితో సరి. ఆ తరవాతి యాభై ఏళ్లలో ఆయన చేపట్టిన పనుల జాబితా చూస్తే ఇది ఒక మనిషి జీవితమా, నలుగురైదుగురి జీవితాలా అన్న అనుమానం కలుగుతుంది. శ్వాసక్రియ, ఎంజైములు, ఎలుకల వంశపారంపర్యం, పరిణామవాదానికి గణితం, మనుషుల్లో జన్యువ్యాధులు, జలాంతర్గాముల్లో ఊపిరాడకపోవడం, జీవం పుట్టుక. వీటన్నిటి మధ్య పత్రికలకు వందలాది వ్యాసాలు.

శాస్త్రజ్ఞుల విషయంలో మనవాళ్లకే కాదు, అందరికీ ఒక అభిప్రాయం ఉంది. పరిశోధనలో పస తగ్గాక, వయసు మీదపడ్డాక, మామూలు జనానికి సైన్సు చెప్పే పనికి దిగుతారని. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. హాల్డేన్ విషయంలో మాత్రం అది పూర్తిగా తప్పు. ఆయన పత్రికల్లో రాయడం మొదలుపెట్టినది తన అత్యుత్తమ పరిశోధన సాగుతున్న రోజుల్లోనే. పైగా ఆయన కొత్త ఊహల్లో రెండు పెద్దవి మొదట వెలువడ్డది పరిశోధన పత్రికల్లో కాదు, సామాన్య పాఠకుల కోసం రాసిన వ్యాసాల్లో. ఈ సంగతి తగినంతగా ఎవరూ పట్టించుకోలేదని నా ఫిర్యాదు.

ఆయన 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద గొప్ప పరిశోధకుడు. బొగ్గుగనుల్లో కార్మికులు ఎందుకు చచ్చిపోతున్నారో తేల్చడానికి స్వయంగా గనుల్లోకి దిగేవాడు. విషవాయువును ముందుగా పసిగట్టడానికి గనిలోకి కానరీ పిట్టలను వెంట తీసుకెళ్లే పద్ధతి ఆయన చలవే. కొడుకును కూడా చిన్నతనంలోనే గనుల్లోకి వెంటబెట్టుకుపోయేవాడు. ఒకసారి ఒక గనిలో పైకప్పు దగ్గర మీథేన్ చేరిన చోట కుర్రవాణ్ణి లేచి నిలబడి షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకంలో మార్క్ ఆంటొనీ ఉపన్యాసం వల్లించమన్నాడట. నాలుగు పంక్తులు దాటేసరికి ఆయాసం మొదలైంది. ఇంకాస్త ముందుకు పోగానే కాళ్లు పట్టుతప్పి కింద పడిపోయాడు. నేల దగ్గర గాలి బాగానే ఉంది కనుక వెంటనే తేరుకున్నాడు. మీథేన్ గాలికన్నా తేలిక, అందుకని పైన చేరుతుంది. దానిలో ఊపిరాడకపోయినా అది విషం కాదు. ఈ రెండు విషయాలూ ఆ కుర్రవాడు ఇక జన్మలో మరచిపోలేదు. ఈ రోజుల్లో ఏ తండ్రయినా ఇలా చేస్తే పోలీసులు వస్తారు. కాని ఆ తండ్రి తను చెయ్యనిది కొడుకు చేత చేయించలేదు. కొడుకు కూడా జీవితాంతం ఇదే నియమం పాటించాడు: ప్రమాదకరమైన ప్రయోగానికి మొదటి జంతువు తానే.

ఇంట్లో జన్యుశాస్త్రం మొదలైంది చెల్లెలి వల్ల. నవోమీ (తరవాత నవోమీ మిచిసన్ పేరుతో రచయిత్రిగా ప్రసిద్ధురాలయింది) గినీపందులను పెంచేది. అన్నాచెల్లెళ్లిద్దరూ మెండెల్ సూత్రాలను వాటి మీద, ఆ తరవాత ఎలుకల మీద పరీక్షించసాగారు. ఎ.డి. స్ప్రంట్ అనే స్నేహితుడు జత కలిశాడు. రెండు లక్షణాలు విడివిడిగా కాక జంటగా సంక్రమించడాన్ని క్షీరదాల్లో మొదటిసారి చూపిన పత్రం ఈ ముగ్గురిదీ. అది ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’లో 1915లో వచ్చింది. అప్పటికి స్ప్రంట్ యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్ సైన్యంలో ఉన్నాడు. ఆ పత్రిక పేరు గుర్తుంచుకోండి, దానితో మళ్లీ పని ఉంది.

మొదటి ప్రపంచయుద్ధాన్ని ఆయన ఇష్టపడ్డాడని చెప్పుకోక తప్పదు. బ్లాక్ వాచ్ దళంలో బాంబులు విసరడంలో దిట్ట. 1915లో జర్మన్లు క్లోరిన్ ప్రయోగించినప్పుడు తండ్రిని ప్రభుత్వం ఫ్రాన్స్‌కు పంపింది. తండ్రి కొడుకును పిలిపించుకున్నాడు. ఇద్దరూ క్లోరిన్ నింపిన గదిలో కూర్చుని ఏ ముసుగు ఎంతసేపు ఆపుతుందో చూశారు. రెండుసార్లు గాయపడ్డాడు. రెండోసారి మెసపొటేమియాలో గాయపడినప్పుడు ఆయన్ను కోలుకోవడానికి భారతదేశానికి పంపారు. ఈ దేశంతో మొదటి పరిచయం అది.

యుద్ధం తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో కొన్నేళ్లు శరీరధర్మశాస్త్రం బోధించాడు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందన్నది అప్పటి ప్రశ్న. హైడ్రోక్లోరిక్ ఆమ్లం తిన్నగా తాగితే పళ్లూ గొంతూ మిగలవు. అందుకని అమ్మోనియం క్లోరైడు తాగాడు. శరీరం దాన్ని విడగొట్టినప్పుడు ఆమ్లం లోపలే తయారవుతుంది. కొన్నాళ్లపాటు మెట్లెక్కితే ఆయాసం. ఈ సర్కసు వల్ల ప్రయోజనం ఏమిటంటే, రక్తంలో క్షారగుణం పెరిగి ఈడ్పులొచ్చే పసిబిడ్డలకు అదే ఉప్పుతో చికిత్స చెయ్యవచ్చునని వైద్యులకు తెలిసింది.

1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయన శాఖకు వెళ్లాడు. రసాయనశాస్త్రంలో కూడా పట్టా లేదన్నది ఎవరికీ అడ్డు కాలేదు. అక్కడ 1925లో జి.ఇ. బ్రిగ్స్‌తో కలిసి ఎంజైముల వేగం గురించి రాసిన చిన్న పత్రంలోని పద్ధతి నేటికీ ప్రతి జీవరసాయన పాఠ్యపుస్తకంలోనూ ఉంది. దాని సారాంశం భోజన హోటలు నడిపేవాడికి తెలిసినదే. వచ్చేవాళ్లు వస్తుంటారు, తిన్నవాళ్లు లేస్తుంటారు, మనుషులు మారుతున్నా నిండిన బల్లల సంఖ్య మాత్రం కాసేపటికి ఇంచుమించు ఒకే చోట నిలుస్తుంది. బల్లలంటే ఎంజైము అణువులు. ఆ నిలకడను పట్టుకుంటే మిగిలిన లెక్క సులువు.

అదే కాలంలో, అదే బల్ల దగ్గర కూర్చుని, దీనికి బొత్తిగా సంబంధం లేని మరొక పని మొదలుపెట్టాడు. డార్విన్ చెప్పిన ప్రకృతివరణం ఎంత వేగంగా పనిచేస్తుంది? మెండెల్ సూత్రాల ప్రకారం లెక్క కడితే వచ్చే జవాబు ఎంత? 1924 నుంచి 1934 దాకా దీని మీద పది పత్రాలు వెలువరించాడు. మొదటి దానిలో ఉదాహరణ ఇంగ్లండులోని ఒక చిమ్మటది. దాని రంగు మామూలుగా బూడిద చుక్కల తెలుపు. 1848లో మాంచెస్టర్‌లో నల్లనిది ఒకటి కనబడింది. ఫ్యాక్టరీల మసి చెట్లకు పట్టిన కొద్దీ నల్లవి పెరిగి, ఆ శతాబ్దం చివరికి ఆ ప్రాంతంలో దాదాపు అన్నీ నల్లవే అయ్యాయి. అయిదు దశాబ్దాల్లో ఇంత మార్పు రావాలంటే ప్రతి తరంలోనూ తెల్లవాటికన్నా నల్లవి సగానికి సగం ఎక్కువగా బతికి పిల్లలను కనాలని హాల్డేన్ లెక్క. అంత బలమైన వరణం ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. 1950లలో కెటిల్‌వెల్ అడవుల్లో చిమ్మటలను వదిలి, పక్షులు వేటిని తింటున్నాయో గమనించి, తేడా అంత పెద్దదేనని చూపాడు. ఆ ప్రయోగాల్లో లోపాలున్నాయని తరవాత వివాదం రేగింది. మైకేల్ మజెరస్ మరింత జాగ్రత్తగా మళ్లీ చేసిన ప్రయోగాల ఫలితాలు 2012లో వెలువడి ఆ వివాదానికి చాలామటుకు తెరదించాయి. హాల్డేన్, ఫిషర్, సూయల్ రైట్ – ఈ ముగ్గురి లెక్కల మీదే ఆధునిక పరిణామశాస్త్రం నిలిచింది. హాల్డేన్ వాటా ‘ద కాజెస్ ఆఫ్ ఎవొల్యూషన్’ (1932) అనే పుస్తకంలో ఉంది.

ఇవి జరుగుతుండగానే ఆయన కలం జనంలోకి వెళ్లింది. 1923లో కేంబ్రిడ్జిలో చేసిన ఒక ప్రసంగం మరుసటేడు ‘డెడలస్’ అనే చిన్న పుస్తకంగా వచ్చింది. తల్లి గర్భం వెలుపల పిండాలను పెంచే రోజు వస్తుందనీ, బొగ్గు అయిపోయాక గాలిమరలతో విద్యుత్తు తీసి దానితో హైడ్రోజన్ నిలవ చేసుకుంటారనీ అందులో రాశాడు. ఆల్డస్ హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’కు ఈ గర్భం సంగతి ముడిసరుకయింది. గాలిమరల సంగతి చదువుతుంటే ఇది నూరేళ్లకు పైబడిన పుస్తకమంటే నమ్మబుద్ధి కాదు. ఈ పుస్తకం గురించి మాట్లాడటానికి వచ్చిన విలేఖరి షార్లట్ బర్జెస్‌ను ఆయన ప్రేమించాడు. ఆవిడ అప్పటికే వివాహిత. విడాకుల కేసులో ఆయన పేరు రావడంతో కేంబ్రిడ్జిలో ఆరుగురు పెద్దల సంఘం ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. ఆయన అప్పీలు చేసి గెలిచాడు. 1926లో పెళ్లి చేసుకున్నారు. పత్రికల్లో ఎలా రాయాలో, రాసినదానికి డబ్బు ఎలా రాబట్టాలో నేర్పింది షార్లటే.

ఆయన వ్యాసాల్లోకెల్లా ప్రసిద్ధమైనది 1926 నాటిది. ఏ జంతువుకు ఎంత పరిమాణం తగినదన్నది విషయం. వ్యాసం నుంచి ఎత్తిరాయను గాని, అందులోని తర్కాన్ని మన కథల్లోకి తెచ్చుకుని చూద్దాం. ఘటోత్కచుడు మామూలు మనిషికన్నా పదింతల పొడవనుకోండి. పొడవుతోబాటు వెడల్పూ మందమూ కూడా పదింతలవుతాయి. కనుక బరువు వెయ్యింతలు. కాని ఆ బరువును మోసే తొడ ఎముక బలం దాని పొడవును బట్టి కాక అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, అది నూరింతలే. అంటే ప్రతి చదరపు అంగుళం ఎముక మీదా పదిరెట్ల భారం. కర్ణుడి శక్త్యాయుధం అక్కరలేదు, మొదటి అడుగు వేసేసరికే తొడలు విరిగి కూలిపోతాడు. ఏనుగు కాళ్లు స్తంభాల్లా ఎందుకున్నాయో ఇక వేరే చెప్పనవసరం లేదు. ఇదే లెక్కను తిరగేస్తే చిన్న జంతువుల సంగతి తెలుస్తుంది. చుంచెలుకను వెయ్యి గజాల లోతున్న గనిలోకి పడేసినా, అడుగున నేల మెత్తనిదైతే, కాస్త కంగారుపడి నడిచి వెళ్లిపోతుందనీ, మనిషయితే నుజ్జవుతాడనీ ఆయన ఉదాహరణ. గని ఎందుకు? మరొకడైతే కొండ అనేవాడు, మేడ అనేవాడు. తండ్రి వెంట గనుల్లోకి దిగిన పిల్లవాడికే ఈ ఉపమానం తోస్తుంది.

జనరంజకంగా సైన్సు రాయడం ఎలా అన్నదాని మీద కూడా ఆయన 1940లలో ఒక వ్యాసం రాశాడు. పాఠకుడికి ముందే తెలిసిన వస్తువుతో మొదలుపెట్టమన్నది అందులో ముఖ్యమైన సలహా. బాంబు పేలుడు కావచ్చు, పిట్ట పాట కావచ్చు, జున్నుముక్క కావచ్చు. తెలుగులో వచ్చే సైన్సు వ్యాసాల్లో అనేకం ఇందుకు సరిగ్గా విరుద్ధం. మొదటి వాక్యంలో నిర్వచనం, రెండో వాక్యంలో నిర్వచనంకన్నా కష్టమైన సంస్కృత సమాసం, మూడో వాక్యానికి పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. వసంతరావు వేంకటరావు, మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ లాంటివారు దీనికి మినహాయింపు. వారిని చదివినవాళ్లకు తేడా ఏమిటో తెలుసు.

ఇక మొదట్లో చెప్పిన ఆ రెండు ఊహల సంగతి. 1929లో ‘రేషనలిస్ట్ యాన్యువల్’ అనే సంచికకు జీవం పుట్టుక మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. అది హేతువాదులు చదువుకునే వార్షిక సంచిక, పరిశోధన పత్రిక కాదు. తొలినాటి భూమి మీద గాలిలో ఆక్సిజన్ లేదు, దాని వల్ల కలిగే ఓజోన్ పొరా లేదు. అతినీలలోహిత కిరణాలు అడ్డులేకుండా పడి, నీరూ కార్బన్ డయాక్సైడూ అమోనియా కలిసినచోట రకరకాల కర్బన పదార్థాలు పుట్టి ఉంటాయి. వాటిని తినేయడానికి సూక్ష్మజీవులు లేవు కనుక అవి సముద్రంలో పేరుకుపోయి, సముద్రమంతా వేడివేడి పలుచని చారులా మారి ఉంటుంది. అందులోంచి జీవం పుట్టి ఉంటుంది. ఇదీ ఊహ. రష్యాలో ఒపారిన్ 1924లోనే ఇలాంటి ప్రతిపాదన చేశాడు గాని ఆ సంగతి హాల్డేన్‌కు తెలియదు. 1953లో స్టాన్లీ మిల్లర్ గాజు పాత్రల్లో వాయువులను కలిపి విద్యుత్తు మెరుపులతో ఎమినో ఆమ్లాలు తయారుచేశాక ఈ ‘చారు’ జగత్ప్రసిద్ధమయింది. తొలి వాతావరణం సరిగ్గా అటువంటిది కాదనీ, జీవం సముద్రపు అడుగున వేడినీటి ఊటల దగ్గర పుట్టి ఉండవచ్చుననీ నేడు వాదించేవారున్నారు. అయినా, జీవం పుట్టుక రసాయనశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న, దానికి ప్రయోగంతో జవాబు వెతకవచ్చు అన్న ధైర్యం ఇచ్చినవాళ్లలో ఈయన ఒకడు. 1963లో ఫ్లోరిడాలో ఒక సమావేశంలో ఒపారిన్‌ను కలిసినప్పుడు, ఈ ఆలోచనలో ముందు తనది కాదు, ఆయనదే అని ఒప్పుకున్నాడు.

రెండోది 1955లో పెంగ్విన్ వారి ‘న్యూ బయాలజీ’లో వచ్చిన వ్యాసంలో ఉంది. వరదనదిలో కొట్టుకుపోతున్న పిల్లవాణ్ణి రక్షించడానికి దూకేలా చేసే జన్యువు మీలో ఉందనుకోండి. దూకితే పదింట ఒక వంతు మీరే మునిగిపోయే ప్రమాదం. ఆ పిల్లవాడు మీ బిడ్డో తమ్ముడో అయితే అతనిలోనూ అదే జన్యువు ఉండే అవకాశం సగం. కనుక ఒకటి పోయినచోట అయిదు మిగులుతాయి, జన్యువు వ్యాపిస్తుంది. మనవడో మేనల్లుడో అయితే లాభం అందులో సగం. దూరపు బంధువైతే నష్టమే. 1964లో హామిల్టన్ గణితంగా రూపొందించిన బంధువరణ సిద్ధాంతానికి ఇది బీజం. ఇంత చెప్పి, తాను రెండుసార్లు నీట మునుగుతున్నవాళ్లను పైకి లాగాననీ, ఈ లెక్కలు వేసుకునే తీరిక అప్పుడు దొరకలేదనీ చేర్చాడు.

రసాయనాల ఊహను చారుతోనూ, జన్యువుల లెక్కను వరదలో పిల్లవాడితోనూ చెప్పడం పాఠకుడి కోసం చేసిన అలంకారమని నేను అనుకోను. ఆయన ఆలోచించే తీరే అది. తెలిసిన వస్తువును తీసుకుని, దానికో అంకె తగిలించి, ఆ అంకె ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి భయపడకుండా పోవడం. పరిశోధన పత్రంలోనూ అదే, దినపత్రిక వ్యాసంలోనూ అదే.

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి మారాడు. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధి అంకెలను బట్టి, మనుషుల్లో ఒక జన్యువు కొత్తగా చెడిపోయే వేగాన్ని 1935లో మొదటిసారి అంచనా వేశాడు. తరానికి సుమారు 50,000లో ఒకటి. తాలసీమియా జన్యువు మధ్యధరా ప్రాంతంలో అంత విస్తారంగా ఎందుకుందంటే, అది ఒక్కటే ఉన్నవాళ్లు మలేరియాను తట్టుకుంటారు కాబోలునని 1949లో రాశాడు. 1954లో ఆలిసన్ ఇలాంటిదే సికిల్ సెల్ విషయంలో ఆఫ్రికాలో చూపాడు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎందుకుందో అడిగేవారికి జవాబు అక్కడే మొదలవుతుంది.

రాజకీయాలు ఆయన్ను మరోవైపు లాగాయి. అంతర్యుద్ధ కాలంలో స్పెయిన్‌కు మూడుసార్లు వెళ్లి బాంబుదాడులు చూశాడు. తిరిగొచ్చి, లండన్ ప్రజలకు ఎటువంటి ఆశ్రయాలు కావాలో లెక్కలతో సహా 1938లో పుస్తకం రాశాడు. 1939 జూన్ 1న థీటిస్ అనే జలాంతర్గామి పరీక్షల్లోనే మునిగి 99 మంది చనిపోయారు. నలుగురు మాత్రమే బయటపడ్డారు. చనిపోయినవాళ్లలో సాంకేతిక కార్మికులు చాలామంది ఉన్నారు. కార్మికసంఘాలు హాల్డేన్‌ను ఆశ్రయించాయి. ఆయన స్పెయిన్‌లో పోరాడి వచ్చిన నలుగురు వాలంటీర్లతో కలిసి ఉక్కుగదిలో కూర్చుని, కార్బన్ డయాక్సైడు పెరిగిన కొద్దీ మనిషికి ఏమవుతుందో చూపాడు. ఆ తరవాత యుద్ధకాలమంతా నౌకాదళం కోసం అదే పని. అధిక పీడనంలో ఆక్సిజన్ పీల్చి ఈడ్పులు తెచ్చుకున్నాడు, వెన్నుపూస దెబ్బతింది, కర్ణభేరి చిల్లుపడింది. ఆ చిల్లులోంచి సిగరెట్టు పొగ వదలగలనని గొప్పలు పోయేవాడు.

1937 చివరినుంచి 1950 దాకా కమ్యూనిస్టు దినపత్రిక ‘డెయిలీ వర్కర్’లో సైన్సు వ్యాసాలు రాశాడు. మూడు వందలకు పైమాటే. కార్ఖానాలో పనిచేసి వచ్చి రాత్రి చదువుకునేవాడు ఆయన పాఠకుడు. అతనికి తెలియని మాట వాడకూడదు, అలాగని అతన్ని తక్కువవాడిగా చూడకూడదు. ఆ వ్యాసాల నుంచి ఏర్చికూర్చిన ‘సైన్స్ అండ్ ఎవ్రీడే లైఫ్’ వంటి సంపుటాలు ఇప్పుడు చదివినా ఎక్కువ భాగం వాడిపోలేదు.

ఎక్కువ భాగం అన్నాను. మిగిలిన భాగం గురించి కూడా చెప్పాలి. సోవియట్ జన్యుశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1928లో హాల్డేన్‌ను తమ దేశానికి ఆహ్వానించి ఆతిథ్యమిచ్చిన స్నేహితుడు. గోధుమలు మొదలైన పంటల విత్తనాలను ప్రపంచమంతా తిరిగి సేకరించిన మహానుభావుడు. ఆయన్ను 1940లో నిర్బంధించారు, 1943 జనవరిలో సరాతోవ్ జైలులో మరణించాడు. 1948 ఆగస్టులో మాస్కో వ్యవసాయ అకాడమీలో లిసెంకో, మెండెల్ జన్యుశాస్త్రం బూర్జువా బూటకమని ప్రకటించాడు. స్టాలిన్ ఆశీస్సులు ఆయనకున్నాయి. అదే ఏడు చివర బీబీసీ రేడియోలో నలుగురు శాస్త్రవేత్తలు దీనిపై మాట్లాడారు. ఫిషర్, డార్లింగ్టన్, హార్లండ్ ముగ్గురూ నిర్ద్వంద్వంగా ఖండించారు. నాలుగోవాడు హాల్డేన్. లిసెంకో చెప్పినవాటిలో కొన్ని తప్పు, కొన్ని నిజం కావచ్చు, పూర్తి వివరాలు చూడాలి అన్న ధోరణిలో నీళ్లు నమిలాడు.

లిసెంకో తప్పని హాల్డేన్‌కు తెలియదని అనుకోవడానికి వీల్లేదు. పది పత్రాల గణితం రాసినవాడు. పార్టీ సమావేశాల్లో లోపల్లోపల వాదించాడంటారు. 1950 ప్రాంతంలో నిశ్శబ్దంగా పార్టీకి దూరమయ్యాడు కూడా. కాని ‘డెయిలీ వర్కర్’ పాఠకుడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? ఈయన చెబితే నిజమని పదేళ్లుగా నమ్మిన ఆ కార్మికుడికి, తక్కిన సంగతులన్నీ విడమరిచి చెప్పిన మనిషి, జీవశాస్త్రంలో ఆ దశాబ్దపు అతిపెద్ద మోసాన్ని మాత్రం విడమరిచి చెప్పలేదు. తోటి శాస్త్రజ్ఞులు మోసపోలేదు, వాళ్లకు వేరే పత్రికలున్నాయి. మోసపోయింది ఈయన్ను మాత్రమే చదివినవాళ్లు. కర్ణభేరి పగిలేదాకా వెనకాడని మనిషి ఇక్కడ ఎందుకు వెనకాడాడో ఆయన జీవితచరిత్రకారులు రకరకాలుగా వివరించారు. హిట్లర్ కాలంలో ఏర్పడిన విధేయత అన్నారు, శత్రువుల చేతికి ఆయుధం ఇవ్వకూడదన్న పట్టుదల అన్నారు. రెండూ నిజమే కావచ్చు. నాకు మాత్రం అవి చాలినట్టు కనిపించవు.

1957 జులైలో ఆయన ఇంగ్లండు వదిలి, రెండో భార్య, జీవశాస్త్రవేత్త హెలెన్ స్పర్వేతో కలకత్తాకు వచ్చేశాడు. సూయెజ్ మీద బ్రిటన్ దాడికి నిరసన అని ప్రకటించాడు. అరవై ఏళ్లు మేజోళ్లు తొడుక్కున్నాను, ఇక చాలు అని కూడా అన్నాడు. మహలనోబిస్ పిలుపు మీద ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, కుర్తా పైజామా వేసుకుని, శాకాహారిగా మారాడు. ఎలుకల పత్రం అచ్చయిన ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’కు అప్పటికి ఆయనే సంపాదకుడు. దాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. అది నేటికీ భారతదేశం నుంచే వెలువడుతోంది. 1985 నుంచి బెంగుళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రచురిస్తోంది.

పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయనకు ఉత్తరం రాసి, కలకత్తా వెళ్లి శిష్యుడయ్యారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఖరీదైన పరికరాలు లేవని బాధపడకండి, కళ్లున్నాయి, లెక్కపెట్టడం వచ్చు, చుట్టూ ఇంగ్లండులో లేనన్ని జీవరాసులున్నాయి అన్నది అక్కడ గురువుగారి పాఠం. కృష్ణారావు గారు లాంటానా పొదల దగ్గర నిలబడి ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో లెక్కపెట్టారు. టి.ఎ. డేవిస్ కొబ్బరిచెట్ల ఆకుల మెలిక ఎడమకా కుడికా అని లెక్కపెట్టాడు. కోనసీమలో తరతరాలుగా కొబ్బరి కింద కూర్చున్నవాళ్లం, మనకెవరికీ ఈ ప్రశ్న తోచలేదు.

మనకు ఇంకా దగ్గర సంగతి మేనరికం. అక్క కూతుర్ని పెళ్లాడటం ఇంగ్లండు చట్టం ఒప్పుకోదు. ఆంధ్రలో అది ఆచారం. జన్యుశాస్త్రం ప్రకారం మేనమామ, మేనకోడళ్ల బిడ్డలో, ఏ జన్యుస్థానంలోనైనా, ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన రెండు నకళ్లు కలిసే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లి అయితే పదహారింట ఒకటి. ద్రోణంరాజు గారూ పి. మీరాఖాన్ గారూ 1960 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పెళ్లిళ్లు ఎన్ని, వాటి ప్రభావం ఏమిటి అని లెక్కలు సేకరించి పత్రాలు వెలువరించారు. చెవుల మీద వెంట్రుకలు తండ్రినుంచి కొడుక్కి మాత్రమే సంక్రమిస్తాయా అన్నదాని మీద గురుశిష్యులు కలిసి పనిచేశారు. అది వై క్రోమోజోము లక్షణమన్న అభిప్రాయం మాత్రం నిలవలేదు, 2004లో డి.ఎన్.ఎ. పరీక్షలు దాన్ని కొట్టివేశాయి.

ఈ ఏళ్లలో హాల్డేన్ మద్రాసు ‘హిందూ’లో వ్యాసాలు రాశాడు. 1961లో భారత పౌరసత్వం తీసుకున్నాడు. మహలనోబిస్‌తో పొసగక అదే ఏడు ఇన్‌స్టిట్యూట్ వదిలేశాడు. కొన్నాళ్లు సి.ఎస్.ఐ.ఆర్. నీడన ఉండి, ఆ అక్షరాలకు స్వతంత్ర పరిశోధనను అణచివేసే మండలి అని అర్థం చెప్పాడంటారు. 1962లో ఒరిస్సా ప్రభుత్వం ఇచ్చిన ప్రయోగశాలతో భువనేశ్వర్ చేరుకున్నాడు.

1963 చివర పేగు కాన్సరు బయటపడింది. లండన్ ఆసుపత్రి మంచం మీద దాని మీద ఒక హాస్యపద్యం రాస్తే 1964 ఫిబ్రవరిలో ‘న్యూ స్టేట్స్‌మన్’ ప్రచురించింది. అది చదివి కొందరు నొచ్చుకున్నారు. ఆయన ఉద్దేశం మాత్రం ఎప్పటిదే: రక్తం కనబడితే సిగ్గుపడి ఊరుకోకుండా త్వరగా వైద్యుడి దగ్గరకు వెళ్లమని చెప్పడం. బీబీసీ కోసం తన సంస్మరణ ప్రసంగాన్ని తానే ముందుగా రికార్డు చేసి ఉంచాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

తన శరీరం వైద్యపరిశోధనకో బోధనకో ఉపయోగపడాలని వీలునామాలో రాశాడు. బతికుండగా ఆ రెండు పనులకూ అది ఎలాగూ ఉపయోగపడుతూనే వచ్చిందని ఒక చమత్కారం కూడా జోడించాడు. భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించారు. అప్పటికి ఆ కళాశాల వయసు ఆరేళ్లు. ద్రోణంరాజు గారు ఆ తరవాత అమెరికాలో స్థిరపడి, గురువుగారి వ్యాసాలు సేకరిస్తూ, ఆయన మీద పుస్తకాలు రాస్తూ గడిపారు. వాటిలో పెద్దది ‘పాపులరైజింగ్ సైన్స్’ 2017లో వచ్చింది. 2020లో ఆయన కూడా వెళ్లిపోయారు.